ఉన్న ఏడూ యాడికి పోతాయి?

మా మనవరాలు టీచరు ట్రైనింగులో ఉండాది. మొన్న దానికొక పని ఇచ్చినారంట. ఆన్‌లైన్ పాఠాన్ని పిల్లోళ్లు ఇష్టంగా వినేటట్టు, బుర్రకెక్కేటట్టు ఎట్ల చెప్పాలో రాసుకుని రావాలంట. కంప్యూటరు ముందర కూర్చుని ఎగిరే బొమ్మలు, మెరిసే అక్షరాలు, చప్పట్ల చప్పుడు అన్నీ పెడతాంది. పట్టపగలు లైటు, ఫ్యాను, కంప్యూటరు మూడూ నడస్తాండాయి. "లైటన్నా ఆపేయ్ మే, సూర్యుడు ఊరికే గదా వెలుగిస్తాండేది" అన్నాను. అది లైటు ఆపకుండా నవ్వి, "అవ్వా, నువ్వు కూడా ఆన్‌లైన్ క్లాసులు చూసినదానివే గదా, ఒక్క మాట చెప్పు, రాసుకుంటాను" అనింది.

చూసినదాన్నే. ఒకటి చెడగొట్టినదాన్ని కూడా. అది ఒక్క మాటలో అయ్యేది కాదు, అందుకని నేనే రాస్తాండాను. నేను చదివింది మూడో తరగతి. అక్షరాల్లో తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి. దిద్దేవాళ్లు ఉండేది ఎంత అదృష్టమో చదివేకొద్దీ మీకే తెలుస్తాది.

తిరుపతిలో ఒక ప్రైవేటు బడిలో నేను ఆయాగా పని చేసినాను. నల్లగా ఉన్న జుట్టు తెల్లగా అయ్యేదాకా అదే బడి. గంట కొట్టేది, గదులు ఊడ్చేది, తాగునీళ్ల డ్రమ్ము నింపేది, చిన్నపిల్లోళ్లను బయటికి తీసుకుపోయేది నా పని. నన్ను చూస్తే పిల్లోళ్లకు భయం. టీచర్లకు అంతకంటే భయం. ఫ్యాను ఆపకుండా పోయిన టీచరమ్మను మెట్ల మీద నుంచి వెనక్కి పిలిచి ఆపించినాను. కొళాయి చుక్కలు కారతాంటే ఎవరు చివర తాగినారో కనుక్కునేదాకా గంట కొట్టేదాన్ని కాదు. చాక్‌పీసు ముక్కలు నేలమీద కనిపిస్తే ఏరి కొంగున కట్టుకునేదాన్ని. బోర్డు మీద రాయడానికి రాకపోయినా బడి ముందర ముగ్గు వేసేదానికి పనికొస్తాయి గదా.

ఆ ముక్కల్లో సగానికి పైన లెక్కల సారువే. పుత్తూరు పక్కనుంచి వచ్చినాయన. పాఠం మొదలుపెట్టేటప్పుడు కొత్త చాక్‌పీసు తీసి రెండుగా విరిచేది ఆయన అలవాటు. ఒక సగంతో రాస్తాడు, రెండో సగం నిద్రపోయేవాడి మీదికి విసరతాడు.

"ఏం సార్, మీ ఇంట్లో ఉప్పు కూడా ఇట్లనే చల్లుతారా?" అని అడిగినాను ఒకసారి.

"చాక్‌పీసు రేపు ఇంకోటి వస్తాదక్కా. వాడు ఈ పొద్దు పోగొట్టుకున్న పాఠం రేపొస్తాదా?" అన్నాడు.

నన్ను అక్కా అని పిలిచింది ఆ బడిలో ఆయనొక్కడే. మిగతావాళ్లకు నేను ఆయమ్మను.

ఆయన పాఠం చెప్పే తీరు వేరు. జవాబు ఎప్పుడూ తన నోటితో చెప్పడు. ప్రశ్న అడిగి పిల్లోళ్ల మొహాలు చూస్తాడు. సరిగ్గా చెప్పేవాణ్ణి కూర్చోమని, తప్పు చెప్పేవాణ్ణి లేపుతాడు. వాడు తప్పు చెప్పగానే పండగొచ్చినట్టు సంబరపడి, "ఇదిగో, వీడికి చెప్పండ్రా, వీణ్ణి ఒప్పించండ్రా" అంటాడు. ఇంక ఆ గదిలో సంత. ఆ గోల భరించలేక నేనే రెండు మూడుసార్లు పోయి తలుపు మీద కట్టెతో కొట్టినాను.

అట్లుంటే కరోనా వచ్చింది. బడి మూసినారు. తర్వాత కొన్నాళ్లకు సార్లంతా బడికి వచ్చి, ఖాళీ గదుల్లో నిలబడి ఫోన్లో పాఠాలు చెప్పాలని బడి నడిపే కరస్పాండెంటు అన్నాడు. గదులు తెరిచేదానికి, మూసేదానికి నేనుండాల. లెక్కల సారుకు ఫోను నిలబెట్టే స్టాండు లేకపోతే, బల్ల మీద రెండు ఇటుకలు పెట్టి, నడుమ చాక్‌పీసుల డబ్బా ఇరికించి, దాంట్లో ఫోను నిలబెట్టించినాను. కొత్త స్టాండు ఎందుకు, దండగ!

కరస్పాండెంటు చెడ్డ మనిషేం కాదు. అందరికీ సగం జీతమన్నా ఇస్తాండె. కానీ ఆయన దగ్గరికి ఒక కంపెనీవాళ్లు వచ్చి, బొమ్మలతో పాఠాలు తయారుగా ఉండాయి, కొనుక్కుంటే సార్లతో పని లేదని చెప్పిపోయినారు. ఆయన లెక్కల సారును పిలిచి నా ముందరే అన్నాడు: "నీ క్లాసులో పిల్లోళ్లు నోరు తెరస్తాండారో లేదో నేనొక దినం వచ్చి చూస్తాను సార్. తెరిస్తే నువ్వుంటావు. లేకుంటే ఆ వీడియోలు కొంటాను. నన్ను తప్పు పట్టుకోవద్దు."

ఆయన పోయినాక సారు బెంచీ మీద కూర్చున్నాడు. "నాకు ఇంకో పని రాదక్కా" అన్నాడు. ఇద్దరు ఆడపిల్లల్ని చదివించుకుంటాండాడు పాపం.

మొదట్లో ఆ క్లాసు చూస్తే ఏడుపొచ్చేది. ఫోన్లో అన్నీ నల్ల గళ్లు. ఒక్కో గడిలో ఒక్కో పేరు, మొహం ఉండదు. సారు ఆ గళ్లను చూస్తా చెప్తాంటే, తలుపులన్నీ మూసిన వీధిలో ఉల్లిగడ్డలమ్మేవాడి మాదిరి ఉండె. "అర్థమయ్యిందా?" అని అడిగితే "ఎస్ సార్" అని అక్షరాలు వస్తాయి. మొహాలు కనపడకపోతే ఆయనకు తప్పు చెప్పేవాడు దొరకడు. తప్పు దొరకకపోతే ఆయనకు పాఠం నడవదు.

ఒక దినం నేను వెనక బెంచీలు తుడస్తాండాను. సారు ఒక ప్రశ్న అడిగినాడు. పలికేవాళ్లు లేరు. మళ్లా అడిగినాడు. లేరు. విసుగెత్తి నా పక్కకు తిరిగినాడు.

"అక్కా, నువ్వన్నా చెప్పు. ఏడును సున్నాతో గుణిస్తే ఎంత?"

"ఏడు" అన్నాను, గుడ్డ పిండుతా.

"ఎట్ల?"

"ఎట్లేంది సార్? నా కాడ ఏడుండాయి. సున్నా అంటే ఏమీ లేదు గదా. ఏమీ లేనిది వచ్చి నన్నేం చేస్తాది? ఉన్న ఏడూ యాడికి పోతాయి, ఎవురు తినేసినారు?"

"కాదవ్వా!"

ఫోన్లో నుంచి వచ్చింది ఆ గొంతు. సారు చెయ్యి గాల్లోనే నిలబడిపోయింది. ఆ గొంతు మా వీధి చివర ఇస్త్రీ బండాయన కూతురిది. బడి నడిచే కాలంలో నీళ్లు కావాలన్నా నోరు తెరిచి అడిగేది కాదు ఆ పిల్ల.

"అవ్వా, ఏడు గిన్నెలుండాయనుకో" అనింది.

"అనుకున్నాను. మూతలుండాయా?"

"మూతల సంగతి వద్దవ్వా! మొదటి గిన్నెలో ఏముండాది? ఏమీ లేదు. రెండో గిన్నెలో? ఏమీ లేదు. ఏడు గిన్నెల్లోనూ అంతే. అన్నీ ఒక తపేలాలోకి వంపితే ఎంత వస్తాది?"

నేను ఆలోచన చేసినాను. "అయితే ఖాళీ గిన్నెలు ఏడూ నాకాడ మిగిలినాయి గదా" అన్నాను.

అంతే, నల్ల గళ్లు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఒకడు నోట్లో బ్రష్షుతో ఉండాడు, ఒకడు మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని ఉండాడు. అందరూ ఒకేసారి "కాదవ్వా, గిన్నెల్ని లెక్కపెట్టకూడదు! లోపలుండేదాన్ని లెక్కపెట్టల్ల!" అని అరస్తాండారు. సారు చేతిలో ఉన్న సగం చాక్‌పీసును గోడకేసి కొట్టినాడు. సంబరం పట్టలేక.

ఆ మరుసటి దినం నుంచి నాకు మొదటి బెంచీ. ఒళ్లో బోర్డు తుడిచే గుడ్డ. సారు అడిగేది, నేను చెప్పేది, పిల్లోళ్లు "కాదవ్వా" అనేది.

నేను నాటకమాడినానని అనుకోవద్దండి. నిజంగానే నాకు తెలీదు. బోర్డు మీద మూడో వంతు, నాలుగో వంతు అంకెల్లో రాసి ఏది పెద్దదని అడిగితే, నాలుగే గదా పెద్దది, అదే చెప్పినాను. మేకపిల్ల పిల్లోడు దోశను ముగ్గురికి పంచితే ఎంత, నలుగురికి పంచితే ఎంత అని నిలదీసినాడు. "దోశ అని ముందే అడిగుంటే చెప్పేదాన్ని గదరా, అంకెలేసి మోసం చేస్తే ఎట్ల?" అన్నాను. ఊరికే ఒప్పుకునే మనిషిని కాదు నేను. నా నోటితో "సరే" అనిపించేసరికి వాళ్లకు చెమటలు పట్టేవి. రేపు అవ్వను ఎట్ల ఒప్పించాల అని వాళ్లలో వాళ్లు ముందే మాట్లాడుకునేవాళ్లంట. ఇస్త్రీ బండాయన నాకు ఎదురుపడి, "ఏమవ్వా, మా పాప పొద్దస్తమానం చొక్కాలు మడిచి వంతులు, భాగాలంటాంది, నీకు చెప్పల్లనంట" అన్నాడు. ఆ పిల్ల కోసమని ఆ గంటసేపు తన ఫోను ముట్టుకునేవాడు కాదు.

ఇది బాగుండె. ఇట్లనే ఉండిపోయుంటే బాగుండేది.

బడిలో జరిగింది వీధిలోకి రాకుండా ఉంటాదా? పిల్లోళ్ల అమ్మలు వంట చేసుకుంటా వినేవాళ్లు. పాలాయన పొద్దున్నే తలుపు కాడ, "ఏమవ్వా, ఆ ఏడు దొరికినాయా?" అంటాడు. పాలు కొలిచేటప్పుడు నేను చూస్తా నిలబడితే ఇంకో చుక్క ఎక్కువే పోసేవాడు ఆయన. అట్లాంటివాడు నన్ను చూసి నవ్వుతాండాడు. ఇంట్లో కోడలు ఒక దినం నిష్ఠూరంగా అనింది: "ఈ వయసులో ఎందుకత్తా నవ్వులపాలయ్యేది? పిల్లనాయాళ్లంతా మిమ్మల్ని దిద్దుతాండారు."

అది గుచ్చుకుంది. నా కాలంలో నన్ను దిద్దినవాళ్లు లేరు, దిద్దించుకున్నదాన్నీ కాను. ఆ మధ్యాన్నమే మనవరాలిని పిలిచినాను. అప్పుడది ఇంటర్ చదవతాండె. "మే, ఆ భిన్నాలేందో, మైనసులేందో నాకు చెప్పు" అన్నాను.

అబద్ధమెందుకు, పౌరుషంతో మొదలుపెట్టినా తర్వాత రుచి తగిలింది. మూడో తరగతిలో పశువులు కాసేదానికి మానిపించినారు నన్ను. ఆ విడిచిపెట్టిన కాడి నుంచి మళ్లా మొదలుపెట్టినట్టుండె. సున్నా సంగతి తెలిసినప్పుడు, మైనస్ రెండు మైనస్ అయిదు కంటే ఎట్ల పెద్దదో తెలిసినప్పుడు, కూర తరుగుతా తరుగుతా నవ్వుకున్నాను. సారుకు మాత్రం చెప్పలేదు. ఒక దినం చూపిస్తాం అనుకున్నాను.

ఆ దినం రానే వచ్చింది. రేపు క్లాసుకు వస్తానని కరస్పాండెంటు కబురు పంపినాడు. సాయంత్రం గదికి తాళం వేస్తాంటే సారు వచ్చి, "ఎప్పటి మాదిరే ఉండక్కా, అంతే సాలు" అన్నాడు. దిగులు దాచుకుని నన్ను నొప్పించకూడదని అట్లంటాండాడని అనుకున్నాను. ఈ మనిషి ఉద్యోగం నిలబెట్టాల, బడి పరువు నిలబెట్టాల, ఆయాకు కూడా లెక్కలు నేర్పిన సారని ఆ పెద్దాయనకు తెలియాల అని ఇంటికి పోయి మనవరాలిని కూర్చోబెట్టుకున్నాను.

మరుసటి దినం ఇస్త్రీ చీర కట్టుకుని మొదటి బెంచీలో కూర్చున్నాను. కరస్పాండెంటు వెనక బెంచీలో, చేతిలో తన ఫోను పెట్టుకుని కూర్చున్నాడు. పిల్లోళ్లంతా వచ్చినారు, గళ్లన్నీ మొహాలతో నిండుగా ఉండాయి. సారు కొత్త చాక్‌పీసు రెండుగా విరిచినాడు.

"అక్కా, మూడో వంతులో సగమెంత?"

"ఆరో వంతు సార్" అన్నాను, టక్కున.

సారు ఫోను పక్కకు చూసినాడు. ఫోన్లో చప్పుడు లేదు.

"సరే. మైనస్ నాలుగుకు మూడు కలిపితే?"

"మైనస్ ఒకటి."

సారు బోర్డు పక్కకు తిరిగి, ఆ క్లాసులో నేను ఎప్పుడూ వినని లెక్క ఒకటి వేసినాడు. అది కూడా మా మనవరాలు రాత్రి నేర్పించింది. చెప్పినాను. ఆయన చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి దించి నా మొహంలోకి చూసినాడు. మెచ్చుకుంటాండాడు అనుకుని నడుము నిటారుగా పెట్టుకున్నాను. ఆయన నా కాడ ఒక తప్పు కోసం వెతుక్కుంటాండాడని నాకు తోచలేదు.

"పిల్లలూ, మీరేమంటారు?" అని ఫోను పక్కకు వంగినాడు.

చివరికి ఇస్త్రీ బండాయన కూతురు నిదానంగా, "అవ్వే చెప్పేసింది గదా సార్" అనింది.

ఒక గడి నల్లబడింది. ఇంకోటి. మేకపిల్ల పిల్లోడు లేచి పోయినాడు. నేను మాత్రం తర్వాతి ప్రశ్నకు కూడా గట్టిగా జవాబు చెప్పినాను.

కరస్పాండెంటు లేచి పంచె దులుపుకున్నాడు. "ఆయమ్మకు బాగా నేర్పినావు సార్" అన్నాడు. "కానీ బడి ఆయమ్మ కోసం పెట్టలేదు గదా." ఆ మాటలో ఎగతాళి కూడా లేదు. దిగులుగానే అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. కొరివి మీద కాలు పెట్టినాక తెలిసినట్టు తెలిసింది.

ఆయన వెనకాలే పరిగెత్తినాను. "అయ్యా, ఇంకొక్క దినం వచ్చి చూడండి. రోజూ ఇట్లుండదు. నేను తప్పు చెప్తే వాళ్లు మాట్లాడతారు."

"తప్పులు చెప్పేదానికా ఆయమ్మా నువ్వు కూర్చునేది?" అని అడిగినాడు. మీరైతే ఏం చెప్పుంటారో ఇప్పుడు కూర్చుని ఆలోచించండి.

గదిలోకి తిరిగొచ్చేసరికి సారు ఇటుకల నడుమ నుంచి ఫోను తీసుకుంటాండాడు. నాకు కోపమొచ్చింది. నా మీద కోపం, ఆయన మీద చూపించినాను.

"తప్పు చెప్పక్కా అని ఒక్క మాటంటే మీ సొమ్మేం పోయింది సార్?"

"అప్పుడు నువ్వు నాటకమాడేదానివక్కా. ఒక దినం నవ్వుతారు, రెండో దినం కనిపెట్టేస్తారు. పిల్లోళ్లను ఏమార్చలేం."

"నేను నేర్చుకోకుండా ఉండాల్సింది."

"ఆ మాట అనొద్దు" అన్నాడు గబుక్కున. "ఒక మనిషి నేర్చుకున్నందుకు బాధపడితే నేనింక అయివారిని ఎట్లవుతాను?" ఫోను జేబులో పెట్టుకుని, పోతా పోతా ఫ్యాను ఆపినాడు. ఎన్నో ఏండ్లుగా నేను అరిచినా ఆపని మనిషి.

మళ్లా వారానికి వీడియోలు వచ్చినాయి. ఒక పులి ఎగురుతా లెక్కలు చెప్తాది. బాగుండాది పులి, అబద్ధం చెప్పకూడదు. రంగులు, పాట అన్నీ ఉండాయి. పిల్లోళ్లు కొన్నాళ్లు చూసినారు, తర్వాత ఫోనును గోడకానించి ఆడుకునేదానికి పోయినారు. పులికేం, అది చెప్పుకుంటా పోయేది. ఒక దినం ఇస్త్రీ బండి కాడ ఆ పిల్ల బొగ్గులు వేస్తా కనిపించింది. "క్లాసు లేదామ్మే?" అన్నాను.

"నడస్తాందవ్వా ఆడ."

"మరి నువ్వు వినవా?"

"ఆ పులికి అన్నీ తెలుసవ్వా. నేనేం చెప్పేది దానికి?"

బడి తెరిచినాక ఆ పిల్ల మళ్లా పాత మాదిరే అయింది, నీళ్లు కూడా అడిగేది కాదు. పదో తరగతి గట్టెక్కింది. లెక్కల్లో మాత్రం అంతంత మాత్రమే. నేనూ కొన్నాళ్లకు మానుకున్నాను. మోకాళ్లు అని చెప్పినాను. ఆ మొదటి బెంచీని తుడిచేటప్పుడు నాకు మోకాళ్లు కాదు నొప్పి పుట్టేది.

అందుకని, ట్రైనింగు పిల్లలారా, మీ బొమ్మలకు నేను అడ్డం చెప్పను, పెట్టుకోండి. కానీ మీ పాఠంలో తెలీనివాళ్లెవరో ఒకరు కూర్చునేదానికి చోటుందా? పిల్లోడు తన నోటితో "కాదు" అనేదానికి సందుందా? అది చూసుకోండి. మా మనవరాలు ఇది చదివి, "అవ్వా, దీన్నే మా పుస్తకంలో ఏదో పేరు పెట్టి రాసినారు" అనింది. ఉండొచ్చు. పుస్తకం రాసినాయనకు ఎవరి ఉద్యోగం పోయినాక తెలిసిందో మరి.

ఈ మధ్య సూళ్లూరుపేటలో మా చెల్లెలి ఇంటికి పోయినాను. ఆ పక్కన ఒక కంపెనీ గేటు కాడ సారు ఉండాడని ముందే విన్నాను, దారి అడుగుతా పోయినాను. నీలం చొక్కా, టోపీ, చేతిలో కట్టె. లోపలికి పోయే లారీలను తనిఖీ చేసి, టైరు మీద చాక్‌పీసుతో గుర్తు పెడతాండాడు. నన్ను చూసి ఎండలోనే నవ్వుతా ఎదురొచ్చినాడు. పెద్దపిల్లకు ఉద్యోగం వచ్చిందని, చిన్నది చదవతాందని చెప్పినాడు. నేను కొంగున కట్టుకుపోయిన మురుకులిచ్చినాను. ఆయన ఒకటి నోట్లో వేసుకున్నాడు.

"అక్కా" అన్నాడు ఉన్నట్టుండి. "ఏడును సున్నాతో గుణిస్తే ఎంత?"

నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు.

"ఏడే సార్" అన్నాను. "ఉన్న ఏడూ యాడికి పోతాయి?"

ఆయన తల కొంచెం పక్కకు తిరిగింది, బడిలో ఇటుకల నడుమ ఉండే ఫోను పక్కకు తిరిగినట్టే. ఆడ గోడ ఉండాది, గోడ మీద కంపెనీ బోర్డుండాది. "కాదవ్వా" అనేదానికి ఎవరూ లేరు. ఆయనే నా పక్కకు తిరిగినాడు.

"కాదక్కా" అన్నాడు.

జేబులో నుంచి కొత్త చాక్‌పీసు తీసి రెండుగా విరిచినాడు. ఈసారి నేను ఉప్పు మాట ఎత్తలేదు. నేల మీద గొంతుక్కూర్చుని సిమెంటు మీద గిన్నె గీసినాడు. "ఏడు గిన్నెలుండాయనుకో. దీంట్లో ఏముండాది? ఏమీ లేదు." రెండోది గీసినాడు. మూడోది గీసి ముగించేసరికి రోడ్డు మీద లారీ హారన్ కొట్టింది. ఇంకోసారి కొట్టింది. ఆయన లేచి, మోకాళ్లు దులుపుకుని, గేటు తీసేదానికి పోయినాడు.

చాక్‌పీసు ముక్క నా కాళ్ల కాడ పడి ఉండాది. నేను దాన్ని ఏరి కొంగున కట్టుకోలేదు. ఆయన తిరిగొచ్చి నాలుగో గిన్నె గీయాల.